దుంపలు ఊరేదాకా

మా నాన్న చిలగడదుంపల మడిలో సర్వేవాళ్ళు మేకులు పాతిన వేసవిలోనే మా అమ్మ కాలేజీలో చేరతానంది. ఆ మడిలో కట్టబోయేది నర్సుల కాలేజీ. అమ్మ చదువుతానన్నది నర్సింగు. అందువల్ల కొన్ని వారాలపాటు మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఉప్పు కావాలన్నా ఇద్దరూ నన్నే అడిగేవాళ్ళు.

అప్పుడు నాకు పదహారేళ్ళు. మాది అలబామాలో నల్లరేగడి జిల్లా. కేన్‌బ్రేక్ స్టేట్ కాలేజీ ఊరికి పడమట మిట్ట మీద ఉంటుంది. బానిసత్వం పోయాక చదువుకోవడానికి వచ్చిన మొదటి తరం పిల్లలు ఆ మిట్ట పక్కనే మట్టి తవ్వి, ఇటుకలు కాల్చి, తాము కూర్చోబోయే గదులు తామే కట్టుకున్నారు. పొద్దున పొలం, మధ్యాహ్నం పుస్తకం. ప్రభుత్వం తెల్లవాళ్ళ యూనివర్సిటీకి ఇవ్వాల్సిందంతా ఇచ్చి చేతులు దులుపుకున్నాక మిగిలింది మా కాలేజీకి వచ్చేది. ఆ మిగిలినదాంతోనే అది జిల్లా మొత్తానికి బడిపంతుళ్ళనీ, వడ్రంగుల్నీ, మంచి రైతుల్నీ ఇచ్చింది.

మా నాన్న ఒథెల్ రాన్సమ్ అక్కడే చదివి, అక్కడే వ్యవసాయం మేష్టరయ్యాడు. మిట్ట దిగువన హైవే దాకా సాగే మడి ఆయన చేతికింద ఉండేది. అందులో చిలగడదుంపలు వేసేవాడు. ఏ రకం పురుగుని తట్టుకుంటుంది, ఏది ఎక్కువ తీపి, ఏది చలికాలం చివరిదాకా నిలవుంటుంది అని ఏడాదికేడాది చూసుకుంటూ ఉండేవాడు. చుట్టుపక్కల ఏ నల్లరైతు పెరట్లోకి వెళ్ళినా "ఇది రాన్సమ్ మేష్టారి తీగ" అని చూపించేవాళ్ళు.

కానీ రైతులే తగ్గిపోయారు. వాళ్ళ పిల్లలు కొందరు కార్ల ఫ్యాక్టరీలు వెతుక్కుంటూ ఉత్తరాదికి పోయారు. కాలేజీకి వచ్చినవాళ్ళు అకౌంట్సు చెప్పండి, ఇంజనీరింగు చెప్పండి అని అడుగుతున్నారు. ఒకప్పుడు కుర్చీలు చాలక గోడవారన నిలబడి విన్న నాన్న క్లాసులో 1976 నాటికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. వాళ్ళలోనూ ఒకడు ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చి, వేరే దేన్లోనూ సీటు దొరక్క అక్కడ కూర్చున్నవాడు.

కాలేజీ ప్రెసిడెంట్ ఆల్వా మెక్‌క్రీ నాన్నతో కలిసి చదువుకున్నవాడు. ఏప్రిల్లో ఒకరోజు మా ఇంటికొచ్చి, వసారాలో కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, అసలు సంగతి చెప్పడానికి చాలాసేపు తటపటాయించాడు. ఖాళీ క్లాసులు చూపించి కాలేజీని పెద్ద యూనివర్సిటీలో కలిపేయాలని రాజధానిలో కొందరు అంటున్నారట. కాదనలేని కొత్త చదువు ఏదైనా చూపించాలి. మా చుట్టుపక్కల ఎంత దూరం వెళ్ళినా డాక్టరు లేడు, కాబట్టి నర్సింగు. రోడ్డూ నీళ్ళ పైపూ ఉన్న జాగా నాన్న మడి ఒక్కటే. జులైలో కాలేజీని నడిపే ట్రస్టీల మీటింగు పెడతారు, అభ్యంతరం ఉంటే నాన్న అక్కడ చెప్పుకోవచ్చు.

నాన్న అంతా విని, "పొలం కోసం పుట్టిన కాలేజీ ఇది, ఆల్వా," అన్నాడు.

"జనం కోసం పుట్టింది, ఒథెల్. అప్పుడు జనం పొలంలో ఉన్నారు."

నాన్న లేచి ఆయన్ని గేటు దాకా సాగనంపాడు. తిరిగొచ్చి మడిలోకి వెళ్ళి, చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు.

ఆ మీటింగులో నాన్న మాటకు విలువుందని అందరికీ తెలుసు. ట్రస్టీల్లో సగంమంది ఆయన క్లాసులో కూర్చున్నవాళ్ళే. ఆయన గట్టిగా వద్దంటే ఆ జాగా పోదు. జాగా లేకపోతే నర్సింగు రాదు.

అదే వసంతంలో మా అమ్మమ్మ టిష్ మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. ఆమె మంత్రసాని. మా జిల్లాలో నల్లపిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే. ఆ ఏడాది ప్రభుత్వం మంత్రసానుల పర్మిట్లు ఆపేసింది. ఇక కాన్పులన్నీ ఆస్పత్రిలోనే జరగాలి. ఆస్పత్రి ఏమో జిల్లాకి ఆ చివర. అమ్మమ్మ బాధపడుతుందని అందరం అనుకున్నాం. ఆమె మాత్రం వసారాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని, అలసందలు ఒలుచుకుంటూ, పెళ్ళయిన దగ్గర్నుంచి తెల్లవార్లూ నిద్రపోవడం ఇదే మొదలని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అయినా ఎవరైనా నిండుచూలాలు గేటు ముందు నుంచి వెళ్తుంటే ఆమె చేతుల్లో అలసందలు ఆగిపోవడం నేను చూశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు అమ్మ ఆ మాట చెప్పింది. కోడికూర గిన్నె నాన్న వైపు జరుపుతూ, మామూలు గొంతుతో, "మిస్ బ్లెడ్సోతో మాట్లాడాను. నర్సింగులో మొదటి బ్యాచిలో చేరుతున్నాను. జూన్ నుంచి కెమిస్ట్రీ క్లాసు," అంది.

మిస్ ఇర్మా బ్లెడ్సో ఆ కొత్త కోర్సు నడపడానికి షికాగో నుంచి వచ్చిన ఆవిడ.

నాన్న గిన్నె అందుకోలేదు. "ఎక్కడ పెడతారంట ఆ క్లాసులు?"

"ఇప్పటికి వంట నేర్పే పాత బ్లాకులో. వచ్చే ఏడాది కొత్త బిల్డింగులో."

"అంటే నా మడిలో."

"కాలేజీ మడిలో," అంది అమ్మ.

మా అమ్మ జెనీవా అప్పటికి నలభై దాటింది. చిన్నప్పుడు అమ్మమ్మ వెంట సంచి మోసుకుంటూ కాన్పులకు వెళ్ళేది. నర్సు కావాలని ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. బహుశా నాన్నకూ తెలియదు. అమ్మమ్మకు మాత్రం తెలిసినట్టుంది, తలెత్తకుండా తింటూనే ఉంది.

నాన్న వద్దనలేదు. కేకలు వెయ్యలేదు. మర్యాదగా మారిపోయాడు. మా నాన్నకు కోపమొస్తే అంతే. గుమ్మంలో అమ్మ ఎదురైతే పక్కకు జరిగి దారిచ్చేవాడు. అమ్మ కూడా తక్కువ తినలేదు. ఇంట్లో మామూలుగా "నువ్వు" అనే మనిషి, ఆయన్ని "ప్రొఫెసర్ గారు" అని పిలవడం మొదలుపెట్టింది.

జూన్ వచ్చింది. తీగ ముక్కలు నాటడం అయిపోయింది. నాన్న సర్వే మేకుల మధ్య నుంచే వరసలు వేశాడు, ఒక్క మేకు కూడా కదిలించకుండా. అమ్మ పుస్తకాలు పట్టుకుని పొద్దున్నే వెళ్ళిపోయేది. వంట నా మీద పడింది. నా మొక్కజొన్న రొట్టె కింద మాడేది, పైన పచ్చిగా ఉండేది. నాన్న ఏమీ అనకుండా మజ్జిగలో ముంచుకుని తినేవాడు. అమ్మమ్మ మాత్రం ఒక ముక్క పట్టుకుని, "దీన్ని ఎవరి మీదన్నా విసిరితే జైల్లో వేస్తారు," అంది.

క్లాసులో అందరూ నా వయసుకు కాస్త అటూ ఇటూ ఉన్న ఆడపిల్లలు. వాళ్ళ మధ్య అమ్మ. మనుషుల గురించిన పాఠాలు ఆమెకు బాగానే వచ్చేవి. కెమిస్ట్రీ దగ్గర ఆగిపోయేది. సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని పైకి చదివేది, చదివిందే చదివేది. గోడకు అవతల నాన్న పేపరు పట్టుకుని కూర్చునేవాడు. నాన్న చదివిందే మట్టి కెమిస్ట్రీ. అమ్మ తప్పు చదివినప్పుడల్లా పేపరు చప్పుడయ్యేది.

ఒకరోజు ఇక ఆగలేకపోయాడు. "నెట్టీ, ఆ లెక్క రెండువైపులా సమానం కాలేదని మీ అమ్మకు చెప్పు," అన్నాడు గోడవతల నుంచి.

"చెప్పేవాళ్ళు ఎదురుగా వచ్చి చెప్పాలని మీ నాన్నకు చెప్పు," అంది అమ్మ.

గోడవతల కుర్చీ జరిగింది. నాన్న వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. పెన్సిలు తీసుకోలేదు. బయటికెళ్ళి మడిలోంచి ఒక ఆకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని అంచులు కాలినట్టున్నాయి. ఇందులో పొటాషియం తక్కువైంది, అందుకే అంచులు ఇలా మాడాయి, మనిషిలో తక్కువైతే గుండె తడబడుతుంది, ఉప్పు ఉప్పే, మట్టిలో ఉన్నా మనిషిలో ఉన్నా దాని పద్ధతి మారదు అని చెప్పుకుంటూ పోయాడు. అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది. ఆయన క్లాసులో నిండా మనుషులుండే రోజుల్లో ఎలా చెప్పేవాడో నేను మొదటిసారి చూశాను.

అలా రోజూ సాయంత్రం ఏదో ఒక ఆకో మట్టిబెడ్డో వంటింటి బల్ల మీదికి రావడం మొదలైంది. అయితే ఒకరోజు లేవబోతూ నాన్న అన్నాడు, "ట్రస్టీల ముందు మాత్రం నేను మాట్లాడతాను, జెనీవా. అందులో మార్పు లేదు."

"మాట్లాడు. ఎవరు వద్దన్నారు? ముందు ఈ లెక్క తేల్చి పో."

నాన్న మళ్ళీ కూర్చున్నాడు.

జులై మొదట్లో ఒకరోజు, ఎండ మంచి ఊపు మీదున్న వేళ, కాలేజీ డెయిరీలో పాలు పితికే క్లీవన్ తన భార్య రోజెల్‌ను నడిపించుకుంటూ మా గేటు దగ్గరికి వచ్చాడు. ఆమెకు మొదటి కాన్పు. నడుస్తూ నడుస్తూ గేటు పట్టుకుని వంగిపోయింది. మా ఊళ్ళో అంబులెన్సంటే శవపేటికల దుకాణం వాళ్ళ కారు. అది ఆ రోజు ఎవరినో పూడ్చడానికి వెళ్ళింది.

అమ్మమ్మ రోజెల్ ముఖం చూసి లేచింది. రెండు మెట్లు దిగింది. ఆగిపోయి, వెనక్కి తిరిగి కూర్చుంది.

క్లాసు నుంచి అప్పుడే వచ్చిన అమ్మ, "నువ్వూ రా అమ్మా," అంది.

"నేను రాను. వస్తే నా చేతులు ఊరుకోవు. నువ్వెళ్ళు, జెనీవా."

నాన్న మడిలోంచి కాలేజీ ట్రక్కు తెచ్చాడు. వెనక గోనెల మీద దుప్పట్లు పరిచి రోజెల్‌ను పడుకోబెట్టాం. అమ్మా నేనూ పక్కన కూర్చున్నాం. క్లీవన్ ముందు నాన్న పక్కన. నాన్న గుంతలు తప్పిస్తూ ఎంత జాగ్రత్తగా పోనిచ్చినా వంతెన దాటాక అమ్మ ట్రక్కు అద్దం మీద అరచేత్తో కొట్టింది.

నాన్న పెకాన్ చెట్టు నీడలో ఆపాడు. అక్కడి నుంచి మాట్లాడింది అమ్మ ఒక్కతే. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. తొందర లేదు, సందేహం లేదు. నాన్న తాగే నీళ్ళ క్యానుతో చేతులు కడుక్కుంది. క్లీవన్‌ను తలదగ్గర కూర్చోమంది. నాన్నను టార్పాలిన్ పట్టుకుని ఎండ తగలకుండా అడ్డం నిలబడమంది. నాన్న చేతులు పైకెత్తి, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని నిలబడ్డాడు. చెమట ఆయన మోచేతుల మీదుగా కారుతోంది. చేతులు దించలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. అమ్మ బొడ్డు కొయ్యలేదు, అది ఆస్పత్రిలో చూసుకుంటారంది. బిడ్డను తల్లి రొమ్ము మీద పెట్టి దుప్పటి చుట్టి, "ఇక మెల్లగా పోనివ్వు, రాన్సమ్," అంది.

ఆస్పత్రిలో కౌంటరు దగ్గరున్న తెల్ల నర్సు బిడ్డను చూసింది, ట్రక్కును చూసింది, కాన్పు ఎవరు చేశారని అడిగింది. పర్మిట్ లేకుండా కాన్పు చేస్తే కేసు పెడతారని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న ముందుకొచ్చాడు. బట్టల నిండా మట్టి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దారిలోనే వచ్చేసిందండీ. చేసింది నా భార్య. కేన్‌బ్రేక్ కాలేజీలో నర్సింగ్ చదువుతోంది."

అప్పటికి కేన్‌బ్రేక్‌లో నర్సింగుకు ట్రస్టీల ఒప్పుదల ఇంకా రాలేదు. ఆ నర్సు అమ్మ వైపు ఒకసారి చూసి, మంచి పని చేశావని చెప్పి, బిడ్డను లోపలికి తీసుకుపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ముగ్గురం ముందు సీట్లోనే కూర్చున్నాం. అమ్మ నిద్రపోయింది. తల నాన్న భుజం మీదికి జారింది. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆయన భుజం కదలకుండా మణికట్టుతోనే మార్చాడు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ ఒక్కటే అడిగింది, "ఏడ్చిందా?" అని. గట్టిగా ఏడ్చిందని అమ్మ చెప్పింది. అమ్మమ్మ తలాడించి, ఒలిచిన గింజలు వంటింట్లోకి తీసుకుపోయింది.

ట్రస్టీల మీటింగు మరుసటి వారం కాలేజీ చర్చి హాల్లో జరిగింది. నాన్న ఉపన్యాసం తయారుచేసుకుని చాలా రోజులైంది. మడిలో కలుపు తీస్తూ దాన్ని తీగలకు వినిపించడం నేను దూరం నుంచి చూశాను. ఆ పొద్దున నల్లసూటు వేసుకున్నాడు. అమ్మకు క్లాసుంది, రాలేదు. "వెళ్ళొస్తాను" అని ఆయనా, "వెళ్ళిరా" అని ఆమే, అంతే. అమ్మమ్మా నేనూ వెనక బెంచీలో కూర్చున్నాం. పాత రైతులు చాలామంది వచ్చారు. రాన్సమ్ మేష్టారు ఈ రోజు దులిపేస్తాడని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం వినిపించింది.

నాన్న పేరు పిలిచారు. లేచి నిలబడ్డాడు. జేబులోంచి కాగితాలు తియ్యలేదు. ప్రెసిడెంట్ మెక్‌క్రీ బల్ల మీద చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"నాకు రెండు మాటలున్నాయి," అన్నాడు నాన్న. "తవ్వకం అక్టోబరు దాకా ఆపండి. దుంపలు ఊరుతున్నాయి."

హాల్లో ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"రెండోది, నాకు ట్రక్కు కావాలి. పిల్లలు నా క్లాసుకు రావడం లేదు. వాళ్ళ తాతలూ నాయనమ్మలూ ఇంకా పొలాల్లోనే ఉన్నారు. వాళ్ళెలాగూ ఈ మిట్ట ఎక్కలేరు. నేనే వెళ్తాను."

కూర్చున్నాడు. అమ్మమ్మ నా చెవిలో, "ఇంతేనా? ఈ రెండు ముక్కలకా నాతో సూటు ఇస్త్రీ చేయించాడు?" అంది. అంటూనే నా చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

మేం ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఏం చెప్పావని అడిగింది. దుంపల గురించి చెప్పానన్నాడు నాన్న, టై విప్పుకుంటూ. అమ్మకు అప్పటికే మిస్ బ్లెడ్సో ఫోన్ చేసి చెప్పేసింది. అయినా ఆమె ఇంకేమీ అడగలేదు. పొయ్యిలోంచి పీచ్ పండ్ల తీపిరొట్టె తీసి ఆయన ముందు పెట్టింది. వారం మధ్యలో ఆ రొట్టె మా ఇంట్లో ఎప్పుడూ చెయ్యరు.

ట్రస్టీలు ఆయన అడిగిన రెండూ ఒప్పుకున్నారు. ఆగస్టు నుంచి నాన్న ట్రక్కులో తిరగడం మొదలుపెట్టాడు. మెట్ట పొలాల్లో ఒంటరిగా ఉండే ముసలమ్మల దగ్గరికి, పిల్లలు పట్నాలకు పోయాక భూమి అమ్మేద్దామా అని ఆలోచిస్తున్న ముసలాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడు. వాళ్ళ మట్టి చేత్తో నలిపి చూసేవాడు. ఈ మూల చిలగడదుంప వెయ్యండి, ఆ మూల బెండ వెయ్యండి, భూమి మాత్రం అమ్మకండి అని చెప్పేవాడు. ఎవరికైనా కాళ్ళు వాచి కనిపిస్తే ఇంటికొచ్చి అమ్మకు చెప్పేవాడు. శనివారాలు అమ్మ కూడా ఆ ట్రక్కులోనే వెళ్ళేది. ఆయన పెరట్లో ఉంటే ఆమె వసారాలో కూర్చునేది. సాయంత్రానికి బెండకాయలూ, టమాటాలూ, ఊళ్ళో కబుర్లూ మోసుకుని ఇద్దరూ దిగేవాళ్ళు. క్లాసులో కుర్చీలు నిండిన రోజుల్లో కూడా నాన్న అంత వాగుడుకాయ కాదు. నేనూ ఆ వేసవిలోనే ట్రక్కు నడపడం నేర్చుకున్నాను, రొట్టె మాడకుండా చెయ్యడం కూడా నేర్చుకున్నాను.

అక్టోబరులో దుంపలు తవ్వే రోజు కాలేజీ మొత్తం మడిలోకి దిగింది. ఎవరు పిలిచారో తెలియదు. ఇంజనీరింగు పిల్లలు వచ్చారు, బ్యాండువాళ్ళు వచ్చారు, అమ్మ క్లాసు ఆడపిల్లలు వచ్చారు. మిస్ బ్లెడ్సో తెల్లబూట్లతో వచ్చి, వాటిని గట్టున విప్పేసి, ఉత్తకాళ్ళతో బుట్టలు మోసింది. క్లీవన్ వాళ్ళ పాప గోనెపట్టా మీద పడుకుని అందర్నీ చూస్తూ ఉంది. మట్టి తడిగా, నల్లగా, మెత్తగా ఉంది. పార వేస్తే చాలు, దుంపలు గుత్తులుగా పైకొచ్చేవి. గట్టున నిప్పులేసి కొన్ని కాల్చారు. మడి చివర బుల్‌డోజర్ నిలబడి ఉంది. దాన్ని నడిపే వెండెల్ ఒకప్పుడు నాన్న దగ్గర వ్యవసాయం చదువుకున్నవాడు. అతను కిందికి దిగొచ్చి, కాల్చిన దుంప ఊదుకుంటూ తిని, "ఎటునుంచి మొదలుపెట్టమంటారు, సార్?" అని అడిగాడు.

నాన్న చివరి వరస పొడుగునా నడిచి, ఏమైనా మిగిలాయేమోనని పారతో అక్కడక్కడా కదిపి చూశాడు. ఏమీ మిగలలేదు. హైవే వైపు చేయి చూపించాడు. వెండెల్ ఇంజను వేశాడు. మొదటి మట్టిపెళ్ళ లేచినప్పుడు నాన్న అక్కడే నిలబడ్డాడు. రెండోది లేచేటప్పటికి బుట్ట ఎత్తుకుని మాతో నడిచాడు.

ఆ వారమే అమ్మ క్లాసులో రక్తపోటు చూడటం నేర్పుతున్నారు. మిషను ఇంటికి తెచ్చుకుని దొరికినవాళ్ళందరి జబ్బకూ పట్టీ చుడుతోంది. ఆ సాయంత్రం అమ్మమ్మకు చూసింది, నాకు చూసింది. నాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి, అడక్కుండానే చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టాడు. అమ్మ పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, చెవులకు గొట్టాలు పెట్టుకుని వింది. గాలి వదిలింది. మళ్ళీ ఎక్కించి మళ్ళీ వింది.

"ఎంతుంది?" అన్నాడు నాన్న.

"ఎక్కువుంది."

"ఈ రోజు అంతే ఉంటుంది. రేపు చూడు."

అమ్మ వెంటనే పట్టీ విప్పలేదు. కాసేపు ఆయన చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున కాఫీ పొయ్యకముందే మళ్ళీ చూసింది. నేను గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరగకుండా విన్నాను. గాలి సన్నగా జారిపోయింది. పట్టీ విప్పుతున్న చప్పుడైంది.

"తగ్గింది. మీరిక ట్రక్కెక్కొచ్చు, ప్రొఫెసర్ గారూ," అంది అమ్మ.